బొగ్గుల ఇస్త్రీపెట్టె

నర్సీపట్నం,
శ్రావణం మొదటివారం

అమ్మాయ్ లావణ్యా,

నీ చిరునామా మీ ప్లీడరు జగదీశ్వరరావుగారిని అడిగి తీసుకున్నాను. నీ ఫోను పోలీసుల దగ్గరుంది. నాకా, ఫోనులో సగం మాటలు వినపడవు. పైగా ఈ కేసు తేలేదాకా ఫోన్లో ఏమీ మాట్లాడుకోవద్దని ఆయన గట్టిగా చెప్పారు. ఉత్తరమైతే చదివి పొయ్యిలో పెట్టెయ్యొచ్చు కదా.

ముందు నిన్ను నాలుగు తిట్టాలి. నా లాడ్జిలో దిగినవాళ్ళు వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని ఒక మాట చెప్పి వెళతారు. హత్యకేసు ముద్దాయిలు కూడా చెప్పే వెళ్ళారు. నువ్వు పోలీసు జీపెక్కి కనీసం వెనక్కి తిరిగి చూడలేదు. నీకోసం కట్టించిన పులిహోర పొట్లం సాయంత్రం దాకా బల్లమీదే ఉంది.

నువ్వు దిగిన గది తాళం పోలీసులు మొన్ననే ఇచ్చారు. నేనే కడిగాను, పనిమనిషిని రానివ్వలేదు. నెత్తురు బకెట్ల కొద్దీ నీళ్ళకి పోయింది. మంచం కోడుకి జుట్టు అంటుకుని ఉంది, గోరుతో గీకి తీశాను. బొగ్గులు పడినచోట గచ్చు మీద నల్లమచ్చలు మాత్రం పోలేదు. గోడకి సున్నం వేయించాను. ఒక పూత చాలలేదు.

నీ మొగుడు కొండబాబు పెద్దాసుపత్రిలో పోయాడని పేపర్లో చూశాను. నువ్వు ఏడ్చావో లేదో నాకు తెలియదు. నేనైతే ఏడవలేదు. వాడు నీ కుడిచేతికి బొటనవేలు తప్ప ఏమీ మిగల్చలేదు. దానిమీద సాక్ష్యం చెప్పడానికి వచ్చిన పిల్లని, కోర్టుకి బయలుదేరే పూట, గదిలో దూరి చంపబోయాడు. అలాంటివాడి కోసం ఖర్చుపెట్టడానికి నా దగ్గర కన్నీళ్ళు లేవు.

పోలీసులు అడిగినదానికి జవాబు చెప్పాను. నేను గదిలో అడుగుపెట్టేసరికి ఇస్త్రీపెట్టె మీ తమ్ముడు ధర్మతేజ చేతిలో ఉంది, కొండబాబు నేలమీద ఉన్నాడు అన్నాను. "నానే కొట్టినాను. మా అక్కకేటీ తెల్దు" అని మీవాడు అన్నది కూడా చెప్పాను. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

వాంగ్మూలం కింద సంతకం పెట్టాలని ఎడమ చేత్తో నేర్చుకున్నావు. నా భోజనాల బల్ల నిండా నీ పేరే. ఇప్పుడు ఆ చేత్తోనే జవాబు రాయి. అక్షరాలు ఎలా ఉన్నా పర్వాలేదు, నేను కూడదీసుకుంటాను.

పాప చిట్టితల్లి ఎలా ఉంది? నీ ఎడమ మణికట్టు మీద కాలిన పుండు మానిందా?

ఇట్లు
అచ్చియమ్మ


ఎస్. రాయవరం,
వరలక్ష్మీవ్రతం మర్నాడు

పిన్నిగారికి,

ఎడమ చేత్తోనే రాస్తున్నాను. చదువుకోండి.

మీరు వాడికి ఇడ్లీ పెట్టారు. ప్లీడరుగారు చెప్పారు. నన్ను చంపడానికి వచ్చినవాడికి ఆకు వేసి, నీళ్ళు ఇచ్చి, కడుపు నింపి పైకి పంపారు.

ఆ గది గడియ బిగుసుకుపోయి ఉండేది. నా చేతికి రావడం లేదని మీరు నూనె పోసి వదులు చేశారు. ఒక్క తోపుకి ఊడి వచ్చింది.

నా జడ మీరే వేశారు. ఎంత గట్టిగా వేశారో వాడి పిడికిలికి తెలుసు.

మా తమ్ముడు జైల్లో ఉన్నాడు. కొట్టింది వాడే. ఇంకేమీ అడగకండి.

పాప బాగానే ఉంది. తలుపు చప్పుడైతే మంచం కిందకి దూరుతుంది.

లావణ్య


నర్సీపట్నం,
వినాయకచవితి వెళ్ళాక

లావణ్యా,

నీ ఉత్తరం చదివి ముక్కలు చేశాను. మళ్ళీ ముక్కలు ఏరి అన్నంమెతుకులతో అంటించాను. నా కోపం అంతే, నీకు తెలియనిది కాదు.

అవును, పెట్టాను. నా చేత్తోనే పెట్టాను. నాది కోర్టు ఎదుటి లాడ్జి. కృష్ణదేవిపేట నుంచీ, కోటవురట్ల నుంచీ, పైన ఏజెన్సీ నుంచీ వాయిదాలకి వచ్చేవాళ్ళే నాకు చుట్టాలు. ఒకే కేసులో రెండు పక్షాలూ నా దగ్గరే దిగుతాయి. ఒకరిని వీధి మెట్ల మీంచీ, రెండోవారిని పెరటి మెట్ల మీంచీ పంపుతాను. ఒకరు తిని లేచి, బల్ల తుడిచాకగానీ రెండోవారిని భోజనానికి పిలవను. తలలు నరుక్కునేవాళ్ళు కూడా నా గోడల మధ్య ఒకరినొకరు చూసుకోకుండా నిద్రపోయి వెళ్ళారు. నువ్వు ఏ పక్షం అని ఎవరినీ అడగను. మా ఆయన ఉన్ననాటి నుంచీ ఇదే పద్ధతి. అడిగితే అన్నం పెట్టే చెయ్యి ఒకవైపుకి వాలుతుంది అనేవారు ఆయన.

ఆ పొద్దున్న వాడు తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. చెప్పులు గేటు దగ్గర విడిచి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. "అమ్మా, కోర్టుకొచ్చినాను. ఏటైనా ఉంటే పెట్టండి" అన్నాడు. ఎవరో పాపం మొదటి బస్సుకి పరగడుపున వచ్చాడనుకున్నాను. రెండో వాయి ఇడ్లీ పొగలు కక్కుతుంటే తీసి పెట్టాను. తల వంచుకుని తిన్నాడు. అల్లం చట్నీ ఉందా అని అడిగాడు. నేను వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి ఆకు మడిచి ఉంది, మనిషి లేడు. అప్పుడు పైనుంచి నీ కేక వినపడింది.

ఇప్పుడు చెప్పు. వాడి మొహం మీద ఏమని రాసి ఉంది, నేను చదవకపోవడానికి? నీ మొగుడి ఫోటో నువ్వు చూపించావా? నా భార్య ఎక్కడని వాడు అడిగుంటే గరిటతో వీపు వాయించి ఉండేదాన్ని. అన్నం అడిగాడు. అన్నం అడిగినవాడికి పెట్టకుండా ఉండడం నాకు చేతకాదు. నీకు పెట్టినదీ ఆ చేతే.

అయినా ఆ రోజు నుంచీ నాకు ఇడ్లీ సయించడం లేదు. ఎవరికైనా వడ్డిస్తుంటే చెయ్యి ఆగిపోతోంది. ముందు వాళ్ళ మొహం చూస్తున్నాను. ఈ అలవాటు నాకు అసహ్యంగా ఉంది. వాడు నా ఇంట్లో చేసిన పాడుపని ఇది కూడా.

ఇంకొక మాట. నేను మెట్లెక్కి ముందు గుమ్మంలో ఆగాను, ఆ తరువాతే గదిలోకి వెళ్ళాను. గదిలో అడుగుపెట్టాక చూసింది పోలీసులకి చెప్పాను. గుమ్మంలో నిలబడి చూసింది ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. మణికట్టు సంగతి అడిగితే నువ్వూ చెప్పలేదు.

పాపకి జీడిపప్పు పాకం పంపుతున్నాను. నీకు కాదు, దానికి.

అచ్చియమ్మ


ఎస్. రాయవరం,
దసరా సెలవులు

పిన్నిగారికి,

ఈ ఉత్తరం కొన్నాళ్ళుగా కొంచెం కొంచెం రాస్తున్నాను. వేళ్ళు ఇప్పుడు మాట వింటున్నాయి.

మీ మీద అరిచినందుకు సిగ్గుపడుతున్నాను. వాడి మీద అరవడానికి వాడు లేడు, అందుకని మీరు దొరికారు.

మా ఇంట్లో ఏం జరిగిందో మీరు అడగలేదు. లాడ్జిలో ఎవరినీ అడగరని అప్పుడు నాకు తెలియదు. అడగకపోవడమే నాకు హాయిగా ఉండేది. ఇప్పుడు నేనే చెబుతాను. నేను జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేదాన్ని. చేతులు నల్లబడ్డాయని, మేస్త్రీతో నవ్వుతున్నానని, జీతం నా పేరనే వస్తోందని రోజూ తన్నేవాడు. బెల్టుతో, సైకిలు చైనుతో, ఒకసారి మరుగుతున్న గంజితో. అయినా పనికి వెళ్ళాను. ఒకనాడు చెరకు నరికే కత్తి తెచ్చి, నా చెయ్యి గుమ్మానికి అదిమిపెట్టి, "ఏ సేత్తో కొడతన్నావే పిక్కలు?" అన్నాడు. వేళ్ళు గుమ్మానికి అవతల పడ్డాయి. పాప వాకిట్లోనే ఆడుకుంటోంది. ఒక వేలు ఏరి పట్టుకొచ్చి నాకు ఇచ్చింది పిన్నిగారూ. అమ్మా, నీదే అంది.

ఆ తరువాత వాడిని పట్టుకెళ్ళారు, బెయిలు మీద వదిలారు. నా సాక్ష్యం రోజు వచ్చింది. తమ్ముడు నన్ను మీ లాడ్జికి తీసుకొచ్చాడు.

మీరేం చేశారో మీకు గుర్తుందో లేదో. ఎడమ చేత్తో కలుపుకుని తినడానికి నేను సిగ్గుపడుతుంటే లోపలికి వెళ్ళి, బల్లమీద అందరికీ స్పూన్లు వేశారు. సమన్లు అందించే ఆ ముసలి కోర్టు అమీనుగారికి కూడా. "ఏటమ్మా ఇది, మేమేటి దొరలమా?" అని ఆయన సణిగితే, ఈపూట అన్నం వేడిగా ఉంది, చేతులు కాలతాయి అన్నారు. అన్నం చల్లారిపోయే ఉంది. స్నానాల గదిలో మగ్గుకి గుడ్డపేలికతో ఉచ్చు కట్టారు, చెయ్యి దూర్చి ఎత్తుకోమని. తల దువ్వడం మానేసి ఎన్నాళ్ళయిందో. మీరు చిక్కు తీసి, కొబ్బరినూనె రాసి, జడ వేశారు. కోర్టులో జుట్టు మొహం మీద పడకూడదు, నువ్వు మాట్లాడేది జడ్జిగారికి కనపడాలి అన్నారు. అద్దంలో నన్ను నేను చూసుకుని బాగానే ఉన్నాననుకున్నాను. వాడు ఆ జడనే చేతికి చుట్టుకుని నా తలని మంచం కోడుకేసి కొట్టాడు. ముందు జడ గుర్తొస్తే ఏడుపొస్తుంది. తరువాత మీ చేతులు గుర్తొస్తాయి.

తమ్ముడిని చూసి వచ్చాను. జైల్లో ఎవరితోనో గొడవ, కింది పెదవి చీలింది. ముందు పన్ను ఊడింది. దెబ్బలాట నేర్చుకుంటున్నానక్కా అని నవ్వాడు. అది చూడలేకపోయాను. వాడు ఎప్పుడూ ఎవరి మీదా చెయ్యెత్తినవాడు కాదు. వెళ్ళిపోతుంటే పిలిచి, మొదటి నుంచీ చెబుతున్న మాటే మళ్ళీ, "పిల్లకి తల్లుండాల. నానుంటే ఏటి, లేకపోతే ఏటి?" అన్నాడు. ఆ మాట మీదే నేను ఇంతకాలం ఊపిరి పీలుస్తున్నాను.

మీకు సమన్లు వస్తాయట. గుమ్మంలోంచి మీరేం చూశారో ఎవరికీ చెప్పకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

లావణ్య


నర్సీపట్నం,
నాగులచవితి

అమ్మా లావణ్యా,

సమన్లు వచ్చాయి. సంక్రాంతి దాటాక వాయిదా. వీధి కుర్చీలో కూర్చుని పడ్డవాయిదాలన్నీ చూసినదాన్ని, బోను ఎక్కడం మాత్రం ఇదే మొదలు.

నువ్వేం చెప్పమంటే అదే చెబుతానని రాయడానికి కూర్చున్నాను. రెండు కాగితాలు పాడుచేశాను, ఆ మాట కలం లోంచి రావడం లేదు. అందుకని గుమ్మంలోంచి చూసింది నీకే రాస్తున్నాను. కనీసం మన ఇద్దరి మధ్య అయినా దాపరికం పోతుంది.

కరెంటు లేదు ఆ పొద్దున్న. సాక్ష్యం చెప్పే మనిషి నలిగిన చీరతో వెళితే మాట కూడా నలిగినట్టుంటుందని నాకో పిచ్చి. మా ఆయన నాటి బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేసి నీ గదికి పంపించింది నేనే. నేను గుమ్మంలోకి వచ్చేసరికి వాడు నిన్ను జడ పట్టి నేలమీద ఈడుస్తున్నాడు. నీ నోట్లోంచి నెత్తురు. నీ ఎడమ చెయ్యి బల్లమీద తడుముకుంటోంది. పెట్టె దొరికింది. అది నేను రెండు చేతులతో ఎత్తేది, నువ్వు ఒంటిచేత్తో ఎత్తావు. వాడి చెంప మీద పడింది. మూత తెరుచుకుని నిప్పులు వాడి మెడలో, చొక్కాలో, నీ మణికట్టు మీద పడ్డాయి. కాలిన వాసన నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది. వాడు పడిపోయాడు.

తరువాత నువ్వు ఆగలేదు. వాడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, ఆ చెయ్యి మీద కొట్టావు. చెయ్యి జారిపోయాక తల మీద కొట్టావు. అప్పుడు ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళి వచ్చిన మీ తమ్ముడు నన్ను తోసుకుంటూ వచ్చి నీ చేతిలోంచి పెట్టె లాక్కున్నాడు. వాడి వెనకాల నేను లోపలికి వచ్చాను.

ఆపమని నేను కేక పెట్టలేదు. నోరు పెగల్లేదని అనొచ్చు. కానీ లావణ్యా, పెగలాలని నేను అనుకోలేదు.

జగదీశ్వరరావుగారికి నేనేమీ చెప్పలేదు, ఆయనే కాఫీ తాగుతూ ఒక మాట అన్నారు. ప్రాణభయంతో ఆ పిల్లే కొట్టిందంటే అది ఒక కేసు, పరిగెత్తుకొచ్చిన తమ్ముడు కొట్టాడంటే వేరే కేసు, కుర్రాడు తన మెడకి తనే ఉరి బిగించుకున్నాడు అన్నారు. అలాగని నిన్ను వదిలేస్తారని ఆయన మాట ఇవ్వలేదు, నేనూ ఇవ్వను. పడిపోయినవాడిని ఎందుకు కొట్టావని కోర్టు అడుగుతుంది. జైలు పడొచ్చు.

బోనులో నన్ను గుచ్చి అడిగితే ఉన్నది చెప్పేస్తాను. అబద్ధం ఆడితే నీ తమ్ముడి జీవితం నా పెరటి మెట్ల కింద పూడ్చిపెట్టినట్టే. నాకంటే ముందు నువ్వు చెబితే మేలని నా ఉద్దేశం. చెప్పనంటే నా మీద కోపం పెంచుకో, నేను భరిస్తాను.

పిల్ల సంగతి ఒక్కటే నిన్ను పట్టి ఆపుతోందని తెలుసు. దానికి వంటింటి పక్క గది ఖాళీ చేశాను. కిటికీ ఎత్తు తగ్గించాను, బడి పిల్లలు కనపడతారు. తలుపుకి గడియ తీయించేశాను, చప్పుడు కాదు. మంచం కూడా తీసేసి పరుపు నేలమీద వేశాను, దూరడానికి కింద చోటు లేకుండా. నా లాడ్జిలో అందరూ పూటో రెండుపూటలో ఉండి పోతారు. చిట్టితల్లి ఎన్నేళ్ళుంటే అన్నేళ్ళు ఉంటుంది. నువ్వు వచ్చేదాకా ఉంటుంది.

అచ్చియమ్మ


ఎస్. రాయవరం,
సంక్రాంతి వెళ్ళిన వారం

పిన్నిగారికి,

ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టక్కర్లేదు. ఎవరు చూసినా పర్వాలేదు.

మీ ఉత్తరం అందాక చాలాకాలం జవాబు రాయలేదు. మీరు మంచం తీసేసిన సంగతి చదివినచోటే ఆగిపోయాను. వాడు నా పిల్లకి మంచం కింద దాక్కోవడం నేర్పాడు. దాక్కోనక్కర్లేని చోటు ఒకటి దానికి ఉండాలని మీరు గది సర్దారు. వాడు పోయాక ఇన్ని నెలల్లో మొదటిసారి గట్టిగా ఏడ్చాను.

నిన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళి, కోర్టులో నిజం చెప్పేస్తానని చెప్పాను. కమ్మీలకేసి తల కొట్టుకున్నాడు. వార్డరు వచ్చి వెనక్కి లాగాడు. "పిచ్చెక్కినాదేటే నీకు? నానొప్పేసుకున్నాను. అయిపోనాది" అని అరిచాడు. నేను అరవలేదు.

"నువ్వు కొట్టలేదు తమ్ముడూ, నాను కొట్టినాను. నా దెబ్బ నువ్వట్టుకుపోతే నాకేటి మిగిలినట్టు?" అన్నాను.

వాడు పాప ఎక్కడుంటుందని అడిగాడు. మీ దగ్గరని చెప్పాను. అప్పుడు గోడకి చేరబడి కూర్చుండిపోయాడు. ఆవిడైతే సరే అన్నాడు.

మీరు చూసింది నిజమే, కానీ అంతా చూడలేదు. మొదటి దెబ్బ ప్రాణభయంతో కొట్టాను. రెండోది కొట్టేటప్పుడు భయం లేదు. నా వేళ్ళు గుర్తొచ్చాయి. పాప వేలు ఏరి తెచ్చి ఇవ్వడం గుర్తొచ్చింది. మూడో దెబ్బకి వాడు నా పేరు పిలిచాడు. ఎప్పుడూ ఒసే అనేవాడు, అప్పుడు లావణ్యా అన్నాడు. అయినా కొట్టాను. తమ్ముడు లాక్కోకపోతే ఇంకా కొట్టేదాన్ని. ఇది కూడా కోర్టులో చెబుతాను. సగం చెప్పి మీ చేత మిగతా సగం చెప్పించను. మీరు నా చీర ఇస్త్రీ చేయించాలనుకున్నది నిజం చెప్పడానికే కదా.

మీరు అడిగిన మణికట్టు పుండు మానింది. మచ్చ ఉంది. జడ్జిగారికి చూపిస్తాను.

వచ్చేవారం వాయిదా. ముందురోజు మధ్యాహ్నం బస్సుకి నేనూ చిట్టితల్లీ వస్తాం. అదే మేడ మీద గది ఇవ్వండి. గచ్చు మీద ఆ మచ్చలు నేను చూడాలి. పాపకి రాత్రి పప్పన్నంలో నెయ్యి ఎక్కువ వెయ్యండి, నాకు మాత్రం స్పూను వద్దు, ఎడమ చేత్తో కలుపుకోవడం వచ్చేసింది. పొద్దున్న ఎవరైనా కాళ్ళు కడుక్కుని వచ్చి టిఫిను అడిగితే మొహం చూడకుండా పెట్టండి. నాకోసం ఆ అలవాటు పోగొట్టుకోకండి.

ఇస్త్రీపెట్టె కోర్టు వాళ్ళ దగ్గరుంది కదా. చీర మడతపెట్టి పరుపు కింద పెట్టుకున్నాను, నలగలేదు.

మీరు చెయ్యాల్సింది ఒక్కటే ఉంది. బోనెక్కే ముందు నాకు జడ వెయ్యండి, అప్పటిలాగే గట్టిగా. దాన్ని పట్టి ఈడ్చేవాడు ఇక లేడు.

లావణ్య
(ఎడమచేతి వ్రాలు)